గొర్రెల మందకు జన్యు పరీక్ష: డెల్టా భూములలో దాని ప్రయోజనం, పరిమితి

గోదావరి తూర్పు డెల్టాలో దాళ్వా మాసూళ్ళు ముగిసి, కాలువలు కట్టివేసిన తరువాత రామచంద్రపురం చుట్టుపట్ల చేలలోకి గొర్రెల మందలు దిగుతాయి. పగలు వరి మోళ్ళ నడుమ చిగిర్చిన గడ్డిని, గట్ల మీది పచ్చికను మేసిన మంద రాత్రివేళ ఎవరో ఒక రైతు చేలో పడుకుంటుంది. మంద కట్టడమంటే ఇదే. సేద్య గ్రంథాల ప్రకారం గొర్రె, మేక ఎరువులో సుమారు 3 శాతం నత్రజని, 1 శాతం భాస్వరం, 2 శాతం పొటాష్ ఉంటాయి. పశువుల ఎరువులో నత్రజని సాధారణంగా అర శాతం ప్రాంతంలోనే ఉంటుంది. పైగా మంద కట్టిన చేలో పెంటికలతోపాటు మూత్రం కూడా నేరుగా నేలలో ఇంకుతుంది. దొడ్డిలో ఊడ్చి పోగుచేసిన ఎరువులో ఆ భాగం దక్కదు. కనుక మంద ఆరోగ్యం కాపరి ఒక్కనికే సంబంధించిన విషయం కాదు. చేను నుంచి చేనుకు ఎరువు నడిచినట్లే రోగమూ నడుస్తుంది. సేద్య విభాగానికి చెందిన ఈ వ్యాసకర్త గొర్రెల జన్యువుల గురించి వ్రాయడానికి కారణం ఇదే. చికిత్స విషయంలో తుది మాట పశువైద్యులదే.

వరిలో తెగుళ్ళను తట్టుకొనే రకాలను జన్యు పరీక్షతో తయారు చేస్తున్నారని విన్న రైతులు ఇటీవల తరచుగా ఒక ప్రశ్న వేస్తున్నారు. గొర్రెకు కూడా అటువంటి పరీక్ష చేయించి, రోగం రాని పొట్టేలునే కొనవచ్చునా? ఈ ప్రశ్నకు అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో సమాధానం చెప్పలేము. కొన్ని రోగాలకు అటువంటి పరీక్ష ఉన్నది. మన డెల్టాలో మందలను నష్టపరచే రోగాలలో ఎక్కువ వాటికి లేదు. లేకపోవడానికి గల కారణాన్ని తెలుసుకుంటే, దానిని తయారు చేసుకోవడానికి ఇప్పటి నుంచే చేయవలసిన పని ఏమిటో కూడా తెలుస్తుంది.

పరీక్ష గొర్రెకా, క్రిమికా?

జన్యు పరీక్ష అనే ఒకే మాటతో రెండు వేర్వేరు పనులను పిలుస్తున్నాము. ఒకటి రోగకారక క్రిమి జన్యువును గుర్తించడం, రెండవది గొర్రె తన తల్లిదండ్రుల నుంచి తెచ్చుకొన్న జన్యువును చదవడం. మొదటిది ఈనాడు మందలో ఏమి ఉన్నదో చెబుతుంది. రెండవది రేపటి మంద ఎట్లా ఉండగలదో చెబుతుంది. మన ప్రాంతంలో తక్షణ ప్రయోజనం మొదటి దానితోనే ఎక్కువ.

ఉదాహరణకు వర్షకాలంలో ఒక మందలో గొర్రెలకు జ్వరం, ముక్కు నుంచి చీమిడి, నోటిలో పుండ్లు కనిపించాయనుకుందాం. అది పారుడు రోగం (పి.పి.ఆర్.) కావచ్చు, నీలి నాలుక కావచ్చు. పారుడులో విరేచనాలు, ఊపిరితిత్తుల వాపు ప్రధానంగా ఉంటాయి. నీలి నాలుకలో పెదవులు, మూతి వాచడం, గిట్ట మొదట ఎర్రబారి కుంటడం ఎక్కువ. అయినా మొదటి రెండు మూడు రోజులలో అనుభవజ్ఞులు సైతం పొరబడే అవకాశం ఉన్నది. పారుడు ఒక గొర్రె నుంచి మరొక గొర్రెకు దగ్గర మెలగడం వలన సోకుతుంది. కనుక మందను వేరు చేయాలి. నీలి నాలుకను కులికాయిడిస్ అనే చిన్న ఈగ జాతి కీటకాలు వ్యాపింపజేస్తాయి. కనుక తడి పెంట, నీటి గుంటల దగ్గర నుంచి మందను మార్చాలి. టీకాలు కూడా వేర్వేరు. పి.సి.ఆర్. పరీక్షలో వైరస్ జన్యువు దొరికితే ఈ సందేహం తీరుతుంది.

నీలి నాలుక విషయంలో పరీక్ష మరొక అడుగు ముందుకు వెళ్ళవలసి ఉంటుంది. ఈ వైరస్‌లో ఎన్నో ఉపరకాలున్నాయి. ఒక ఉపరకానికి వచ్చిన నిరోధక శక్తి మరొకదానికి పూర్తిగా పనిచేయదు. మన దేశంలో ఈ రోగాన్ని తొలిసారి 1964లో మహారాష్ట్రలో గుర్తించారు. ఆ తరువాత దక్షిణాది రాష్ట్రాలలోనే దీని బెడద అధికంగా ఉన్నది. దేశంలో తయారైన అయిదు ఉపరకాల టీకాలో 1, 2, 10, 16, 23 సంఖ్యల ఉపరకాలున్నాయి. మందలో తిరుగుతున్నది ఈ అయిదింటిలోనిదా, కాదా అన్నది వైరస్ పైపొర ప్రోటీనుకు సంబంధించిన జన్యువును చదివితేనే తెలుస్తుంది. టీకా వేసినా రోగం వచ్చిందని కాపరులు చేసే ఫిర్యాదులో నిజమెంతో తేల్చే మార్గం కూడా ఇదే.

పారుడు రోగానికి ఈ చిక్కు లేదు. వైరస్‌లో ఒకే సీరోరకం ఉన్నది. భారత పశువైద్య పరిశోధనా సంస్థ అభివృద్ధి చేసిన సుంగ్రి 96 టీకా ఒక్కసారి వేస్తే కనీసం మూడు సంవత్సరాలు రక్షణ ఇస్తుంది. ఇంత చక్కని టీకా ఉన్న రోగానికి నిరోధక జన్యువులు గల గొర్రెలను ఏరడానికి కాలం, ధనం వెచ్చించడం అనవసరమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తడి నేలలలో కాపరిని ఎక్కువగా వేధించేది గిట్టల కుళ్ళు. బురదలో నానిన గిట్టల నడుమ చర్మం మెత్తబడి, డైకెలోబాక్టర్ నోడోసస్ అనే బాక్టీరియా ప్రవేశిస్తుంది. ఇది చలి దేశాల రోగమనే భావన చాలాకాలం ఉండేది. తిరుపతి పశువైద్య కళాశాల పరిశోధకులు దక్షిణ భారతపు ఉష్ణ వాతావరణంలో కూడా ఈ క్రిమి ఉన్నదని పి.సి.ఆర్. సహాయంతో నిర్ధారించి, 2013లో ఫలితాలను ప్రచురించారు. ఈ క్రిమిలో తీవ్రమైనవి, సాధువైనవి అని రెండు రకాలున్నాయి. పుండును చూసి మాత్రమే అది ఏ రకమో చెప్పడం కష్టం. అవి విడుదల చేసే ఒక ఎంజైము జన్యువులోని స్వల్ప భేదాన్ని పి.సి.ఆర్. పట్టుకోగలదు. స్విట్జర్లాండ్ 2024 అక్టోబరులో దేశవ్యాప్తంగా ప్రారంభించిన గిట్టల కుళ్ళు నియంత్రణ కార్యక్రమం ఈ పరీక్ష మీదనే ఆధారపడి ఉన్నది. కుంటని గొర్రెల గిట్టల నడుమ నుంచి కూడా దూది పుల్లతో నమూనా తీసి, తీవ్ర రకం క్రిమి ఉన్న మందలను శుద్ధి చేస్తారు. మన దగ్గర సంతలో పొట్టేలును కొనేటప్పుడు పళ్ళు చూస్తారు, వృషణాలు చూస్తారు. గిట్ట ఎత్తి చూసేవారు తక్కువ.

నట్టల జన్యువును చదివే పరీక్ష కూడా ఉన్నది. ఆల్బెండజోల్ వర్గపు మందులకు లొంగని హీమాంకస్ నట్టలలో బీటా ట్యూబ్యులిన్ అనే ప్రోటీనులోని 200వ స్థానంలో ఒక ఎమైనో ఆమ్లం మారి ఉంటుంది. ఆ మార్పు మందలోని నట్టలలో ఎంత వ్యాపించినదో తెలిస్తే, పనిచేయని మందును మళ్ళీ మళ్ళీ త్రాగించే ఖర్చు తప్పుతుంది.

ఒకే జన్యువు నిర్ణయించే రోగం

ఇప్పుడు రెండవ పరీక్షకు వద్దాము. గొర్రె జన్యువును చదివి మందను రక్షించవచ్చుననే నమ్మకం ప్రపంచంలో బలపడినది స్క్రేపీ అనే రోగం వలన. ఇది నాడీమండలాన్ని నాశనం చేసే వ్యాధి. గొర్రె ఒళ్ళు గోకుకుంటూ, తడబడుతూ, చివరకు మరణిస్తుంది. చికిత్స లేదు, టీకా లేదు. ప్రయాన్ అనే ప్రోటీను వికృత రూపం దాల్చడమే దీనికి కారణం. హిమాలయ పాదప్రాంతపు గొర్రెలలో ఈ వ్యాధి కనిపించినట్లు 1961లోనే శాస్త్ర పత్రికలో నమోదైనది. ఆంధ్ర ప్రాంతపు కాపరికి మాత్రం ఇది పరిచయం లేని రోగమే.

ప్రయాన్ ప్రోటీనులోని 136, 154, 171 స్థానాలలో ఏ ఎమైనో ఆమ్లాలు ఉన్నాయన్న దానిని బట్టి గొర్రెకు ఈ రోగం వచ్చే అవకాశం ఎంతో చాలావరకు చెప్పవచ్చు. ఎ.ఆర్.ఆర్. అనే రూపాన్ని తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా పొందిన గొర్రెకు సాధారణ స్క్రేపీ దాదాపు రాదు. వి.ఆర్.క్యూ. రూపం ఉన్న గొర్రెకు ముప్పు అత్యధికం. బ్రిటన్‌లో ఆవుల పిచ్చి వ్యాధి గొర్రెలలోకి కూడా ప్రవేశించి, స్క్రేపీ చాటున దాగి ఉండవచ్చునన్న భయం కలిగినప్పుడు, 2001లో జాతీయ స్క్రేపీ ప్రణాళికను ప్రారంభించారు. పొట్టేళ్ళ రక్తం పరీక్షించి, నిరోధక రూపం ఉన్నవాటిని సంతానోత్పత్తికి ప్రోత్సహించి, ముప్పు రూపం ఉన్నవాటిని తొలగించారు. ఐరోపాలోని ఇతర దేశాలూ అదే దారి పట్టాయి. ఒకే జన్యువు, స్పష్టమైన ప్రభావం, ఒక్క రక్తపు చుక్క. పరీక్ష పనిచేయడానికి ఇంతకంటే అనువైన రోగం లేదు.

అయినా రెండు విషయాలు గమనించదగినవి. 1998లో నార్వేలో విలక్షణమైన స్క్రేపీ ఒకటి బయటపడినది. అది సాధారణ స్క్రేపీని తట్టుకొనే గొర్రెలలో కూడా కనిపించినది. ఒక రోగానికి ఎదురుగా కట్టిన గట్టు మరొక రోగాన్ని ఆపుతుందన్న హామీ లేదు. రెండవది ఐస్‌లాండ్ అనుభవం. ఆ ద్వీపంలో 1978 నుంచి స్క్రేపీ సోకిన మందలను మొత్తంగా వధిస్తూ వచ్చారు. అక్కడి గొర్రెజాతిలో ఎ.ఆర్.ఆర్. రూపమే లేదని చాలాకాలం భావించారు. విస్తృతంగా పరీక్షలు చేయగా 2022లో కొద్దిపాటి గొర్రెలలో అది దొరికినది. విదేశాల నుంచి గొర్రెలను తెచ్చుకోవలసిన అవసరం లేకుండా, తమ జాతిలోనే ఉన్న నిరోధకతను ఇప్పుడు వారు పెంచుకుంటున్నారు. స్థానిక జాతిని నిలుపుకొనడం వలననే వారికి ఆ అవకాశం మిగిలినది.

వరి చెప్పే సంగతి

డెల్టా రైతుకు ఈ విషయం గొర్రెలో కంటే వరిలో సులభంగా అర్థమవుతుంది. మారుటేరు పరిశోధనా స్థానం నుంచి 1982లో విడుదలైన స్వర్ణ (ఎం.టి.యు. 7029) ఎంత ప్రసిద్ధమో చెప్పనక్కరలేదు. ముంపులో మాత్రం అది కుళ్ళిపోయేది. ఒడిశా రైతుల స్థానిక వరి ధాల్‌పుత్తియా నుంచి ఏరిన ఎఫ్.ఆర్. 13ఎ అనే రకం రెండు వారాల వరకు నీట మునిగినా తేరుకుంటుంది. ఆ గుణానికి ముఖ్య కారణమైన సబ్1 అనే జన్యుభాగం ఎక్కడున్నదో 1996లో గుర్తించారు. తరువాత ప్రతి తరంలోను మొలక ఆకును పరీక్షించి, ఆ భాగం ఉన్న మొక్కలనే స్వర్ణతో మళ్ళీ మళ్ళీ సంకరపరచి, స్వర్ణ సబ్1 ను తయారు చేశారు. 2009లో అది మన దేశంలో విడుదలైనది. బాక్టీరియా ఆకు ఎండు తెగులును తట్టుకొనే మూడు జన్యువులను సాంబ మసూరిలోకి చేర్చిన మెరుగైన సాంబ మసూరి కూడా 2008లో ఇదే పద్ధతిలో హైదరాబాదు సంస్థల నుంచి వచ్చినది.

ఇక్కడ ప్రయోగశాల చేసిన పని గొప్పదే. కాని అంతకు చాలా ముందే ఒడిశా పల్లపు చేలలో ఎవరో ఆ వరిని మునిగినా బ్రతికే వరిగా గుర్తించి, వేరుగా నిలిపారు. గుణాన్ని ఎవరూ గుర్తించకుండా, విత్తనాన్ని వేరుచేసి ఉంచకుండా పోయి ఉంటే, ఎంత మంచి యంత్రమైనా ఏ జన్యువును వెతకాలో తెలియక ఊరకుండేది. గొర్రెల విషయంలో మనము ఇంకా ఆ తొలి మెట్టు దగ్గరే ఉన్నాము.

నీటి భూముల గొర్రెలు, అనేక జన్యువుల రోగాలు

డెల్టా మందలకు నిత్యశత్రువులు నట్టలు, కార్జపు జలగలు. హీమాంకస్ కంటార్టస్ అనే నట్ట గొర్రె నాలుగవ పొట్టలో చేరి రక్తం పీలుస్తుంది. ఒక్కొక్క నట్ట వలన రోజుకు 0.05 మిల్లీలీటరు రక్తం పోతుందని లెక్క. ఒక గొర్రెలో 5,000 నట్టలుంటే రోజుకు పావు లీటరు. ముప్పై కిలోల గొర్రె ఒంట్లో ఉండేదే రెండు లీటర్ల రక్తం. కార్జపు జలగ దారి వేరు. దాని పిల్లరూపాలు నత్తలలో పెరిగి, నీటిలోకి వచ్చి, కాలువ గట్టు గడ్డికి, వరి మోడు అడుగు భాగానికి గూళ్ళుగా అంటుకుంటాయి. గొర్రె మోడును మొదటంటా కొరికినప్పుడు అవి కడుపులోకి చేరుతాయి. ఎండకు బాగా ఆరిన చేలలో ఈ ముప్పు తగ్గుతుంది. బోదెల వెంట, మురుగు కాలువల అంచున తగ్గదు. (పశువుల పెంటతోపాటు బాతుల పెంట కూడా చేరిన పొలాలలో బాతుల పరాన్నజీవులు నత్తలలో కార్జపు జలగను అణచివేస్తాయని ఇండోనేషియా పరిశోధకులు చూపారు. బాతుల మందలు తిరిగే మన జిల్లాలలో ఎవరైనా దీనిని పరిశీలించడం మంచిది.)

నట్టలను తట్టుకొనే శక్తి గొర్రె గొర్రెకూ వేరుగా ఉంటుంది. అది వంశపారంపర్యంగా కొంతవరకు వస్తుంది. పెంటికలలోని గ్రుడ్ల సంఖ్య దీనికి కొలమానం. ఆ సంఖ్యలో గొర్రెల మధ్య కనిపించే తేడాలో నాలుగవ వంతు అటు ఇటుగా వంశపారంపర్యమని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. మిగిలినది మేపు, వయస్సు, ఈత, వాతావరణాల వలన. ఆ నాలుగవ వంతు కూడా ఒకే జన్యువుది కాదు. ఎన్నో జన్యువులు తలా కొంచెం పంచుకొన్నది. అందుకే నట్టలకు స్క్రేపీ వంటి ఒక్క చుక్క పరీక్ష లేదు. రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధనా సంస్థ మాల్‌పురా, అవికాలిన్ గొర్రెలలో హీమాంకస్‌ను తట్టుకొనే వంశాలను తయారు చేయడానికి పట్టుకొన్న ఆధారం గ్రుడ్ల లెక్కే. నెమ్మదైన పని అయినా, ఫలితమిచ్చే పని.

వరి భూములలో పుట్టి పెరిగిన గొర్రెలు మాత్రం ఆశ కలిగిస్తున్నాయి. జావాలోని సన్నతోక గొర్రె మన కాలువలలో ఉండే కార్జపు జలగ జాతినే, అంటే ఫాసియోలా జైగాంటికాను, ఇతర జాతుల కంటే ఎంతో మెరుగ్గా తట్టుకుంటుంది. ఆ నిరోధకత వెనుక ప్రబలమైన ఒక జన్యువు ఉండవచ్చునని 1990 దశకంలో సంకర ప్రయోగాలు సూచించాయి. చలి దేశాల కార్జపు జలగ జాతిని మాత్రం అదే గొర్రె తట్టుకోలేకపోయినది. ఏ నీటి ప్రక్కన తరతరాలు మేసినదో ఆ నీటిలోని శత్రువునే అది ఎదుర్కొన్నదన్న మాట. అట్లాగే సుందరవనాలలో మోకాలి లోతు నీటిలో నిలిచి మేసే గారోల్ గొర్రె దక్కని గొర్రె కంటే హీమాంకస్‌ను బాగా తట్టుకుంటుందని మహారాష్ట్రలోని ఫల్టణ్ నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధనా సంస్థ ప్రయోగాలలో తేలినది. ఆ సంస్థ గారోల్‌లోని ఫెక్‌బి అనే జన్యువును రక్త పరీక్షతో గుర్తిస్తూ, దక్కని జాతిలో చేర్చి, జంట పిల్లలనిచ్చే గొర్రెలను రూపొందించినది. రోగానికి సంబంధించినది కాకపోయినా, మన దేశంలో గొర్రె జన్యు పరీక్ష పొలం దాకా వచ్చిన మంచి ఉదాహరణ అది.

మరి మన గొర్రెలు? నెల్లూరు జాతిలో తెల్లని పల్ల, నల్ల మచ్చల జోడిపి, గోధుమ వన్నె దొర అనే మూడు తెగలున్నాయి. పలమనేరు పశు పరిశోధనా స్థానంలో ఈ జాతి మీద దీర్ఘకాలంగా పని జరుగుతున్నది. కృష్ణా తీరపు మాచర్ల గొర్రె, ఉత్తరాంధ్ర గొర్రెలు కూడా ఉన్నాయి. వీటి ఎత్తు, బరువు, పెరుగుదల గురించి కొలతలు చాలా ఉన్నాయి. ఈ మూడు తెగలలో బురదను, జలగను ఎక్కువగా తట్టుకొనేది ఏది అని అడిగితే కాపరులు వెంటనే ఒక సమాధానం చెబుతారు. ఆ సమాధానం ఊరి ఊరికీ మారుతుంది. దానిని కొలిచి చూడవలసిన బాధ్యత మనది.

ఈ పని ఆలస్యమయ్యే కొద్దీ వెతకవలసిన వస్తువే కరిగిపోతున్నది. మాంసానికి గిరాకీ పెరిగి, ఎత్తైన, త్వరగా బరువెక్కే పొట్టేలుకే సంతలో ధర పలుకుతున్నది. పొడి నేలల పొట్టేళ్ళు లారీలలో డెల్టాకు వస్తున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కొక్క లబ్ధిదారునికి 20 గొర్రెలు, 1 పొట్టేలు ఇచ్చినప్పుడు, వాటిని ఆంధ్రప్రదేశ్‌తోసహా పొరుగు రాష్ట్రాలలో పెద్ద ఎత్తున కొనుగోలు చేశారు. కొన్ని జిల్లాల గొర్రెలు కొద్ది కాలంలో వందల మైళ్ళు మారాయి. పథకం మంచిచెడ్డల చర్చ ఇక్కడ ఉద్దేశం కాదు. ఇంత పెద్ద కదలికలో ఏ గొర్రె ఏ మంద నుంచి వచ్చినదో, ఏ రోగాన్ని తట్టుకొని బ్రతికినదో తెలిపే సమాచారం గొర్రెతోపాటు ప్రయాణం చేయదు. కొనేవాడు చూసేది బరువు, వయస్సు మాత్రమే.

పొట్టేలు ఎంపికలో లెక్క

మందలో ఒక గొర్రె సంవత్సరానికి ఒకటి రెండు పిల్లలనిస్తే, ఒక పొట్టేలు 25 నుంచి 30 పిల్లలకు తండ్రి అవుతుంది. కనుక జన్యు పరీక్షకు ఖర్చు పెట్టదలచుకుంటే పొట్టేలుకే పెట్టాలి. బ్రిటన్ చేసినదీ అదే. కాని ఇందులో ఒక ప్రమాదం ఉన్నది. పరీక్షలో నెగ్గిన పొట్టేలు ఒక్కటే దొరికినదని మంద అంతటికీ దానినే వాడితే ఏమవుతుంది? నూరు గొర్రెలకు నాలుగు పొట్టేళ్ళున్న మందలో, ప్రజనన శాస్త్రపు లెక్క ప్రకారం, జన్యు వైవిధ్యం దృష్ట్యా ఆ మంద సుమారు 15 జీవాలతో సమానం. రక్తసంబంధపు సంపర్కం తరానికి 3 శాతం చొప్పున పెరుగుతుంది. నూరు గొర్రెలకు ఒకే పొట్టేలును వాడితే ఆ సంఖ్య 4కు పడిపోతుంది. పెరుగుదల 12 శాతం దాటుతుంది. రెండు మూడు తరాలలో పిల్లల మరణాలు, బలహీనత పెరుగుతాయి. ఒక్క రోగాన్ని తప్పించబోయి అన్ని రోగాలకూ తలుపు తీసినట్లవుతుంది. పొట్టేలును రెండేళ్ళకొకసారి మార్చుకోవాలన్న కాపరుల పాత అలవాటు, కూతుళ్ళు ఎదకు వచ్చే వేళకు తండ్రి మందలో ఉండరాదన్న సూత్రానికి సరిపోతున్నది.

నేటి స్థితిలో, విద్యుత్తు లేని గొర్రెల దొడ్డిలో కూడా చేయగల పని ఒకటున్నది. రామచంద్రపురం ప్రాంతపు మందలలో సార్వా ఊడ్పుల కాలం, అంటే జూలై నుంచి సెప్టెంబరు వరకు, అత్యంత కష్టకాలం. చేలలో చోటుండదు, మందలు కాలువ గట్లకు, రోడ్డు అంచులకు పరిమితమవుతాయి. బురద, నట్టలు, కీటకాలు ఒక్కసారే మీద పడతాయి. ఆ మూడు నెలల్లో ఏ గొర్రె కుంటలేదు, దేనికి దవడ క్రింద నీరు దిగలేదు, దేని కంటి రెప్ప లోపల ఎర్రదనం తగ్గలేదు, ఏ గొర్రె పిల్ల నిలిచినది అని వ్రాసి ఉంచడం. కాపరికి ఇవి ఇప్పటికే తెలుసు. తెలిసినదానిని గుర్తింపు సంఖ్యకు ముడిపెట్టడమే మిగిలినది. పశువులకు వేస్తున్న 12 అంకెల చెవి పోగు గొర్రెలకు కూడా ఉపయోగపడుతుంది. పిల్ల ఏ పొట్టేలుదో తెలియని పెద్ద మందలలో మాత్రం జన్యు పరీక్ష వెంటనే అక్కరకు వస్తుంది. తల్లి, పిల్ల, పొట్టేళ్ళ నమూనాలను పోల్చి తండ్రిని నిర్ధారించే పద్ధతి ఏ రోగ జన్యువూ తెలియకుండానే పనిచేస్తుంది. ఏ పొట్టేలు సంతానంలో నష్టం తక్కువో అప్పుడు లెక్కకు వస్తుంది.

విదేశాలలో అమ్మే మార్కర్ పరీక్షలను తెచ్చి మన గొర్రెల మీద ప్రయోగించడాన్ని ఈ వ్యాసకర్త సమర్థించడు. న్యూజిలాండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం గిట్టల కుళ్ళుకు డి.క్యూ.ఎ.2 అనే జన్యువు ఆధారంగా ఒక పరీక్షను రూపొందించినది. అది అక్కడి జాతులలో, అక్కడి పచ్చికలో కొలిచిన సంబంధం. నెల్లూరు గొర్రెలో అదే సంబంధం ఉన్నదో లేదో ముందు ఇక్కడ తేలాలి. తేలేందుకు పైన చెప్పిన నమోదులే కావాలి.

నమూనాల సేకరణ

గ్రుడ్ల లెక్కకు పెంటికలను నేల మీద నుంచి కాక నేరుగా గుదం నుంచి, చేతి తొడుగుతో, ఒక్కొక్క గొర్రెకు 5 గ్రాముల చొప్పున తీయాలి. మందు త్రాగించిన ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత తీస్తేనే గొర్రెల మధ్య భేదం కనిపిస్తుంది. కార్జపు జలగ గ్రుడ్లు బరువైనవి కనుక అడుగుకు చేర్చే పద్ధతిలో పరీక్షించమని ప్రయోగశాలకు విడిగా తెలియజేయాలి. నీలి నాలుక అనుమానం ఉన్నప్పుడు జ్వరంతో ఉన్న గొర్రె నుంచి గడ్డకట్టని విధంగా ఇ.డి.టి.ఎ. గొట్టంలో రక్తం తీసి, మంచు పెట్టెలో పంపాలి, గడ్డకట్టించరాదు. పారుడుకు కన్ను, ముక్కు స్రావాలను దూది పుల్లతో తీసి, అదే విధంగా చల్లగా ఉంచాలి. ఈ రెండు వైరస్‌ల జన్యు పదార్థం ఆర్.ఎన్.ఎ.; ఎండలో కొన్ని గంటలున్న నమూనాలో అది చెడిపోయి, రోగం ఉన్నా లేదని ఫలితం రావచ్చు. చనిపోయిన గొర్రె కంటే తొలి మూడు నాలుగు రోజుల జ్వరంలో ఉన్న గొర్రె నమూనా మేలు. తండ్రి నిర్ధారణకు ఇంత జాగ్రత్త అవసరం లేదు. ప్రత్యేకమైన కాగితపు కార్డు మీద చెవి నుంచి తీసిన రెండు మూడు రక్తపు చుక్కలను నీడలో ఆరబెట్టి, ఒక్కొక్క కార్డును వేరు కవరులో ఉంచి, దాని మీద చెవి పోగు సంఖ్య, పుట్టిన నెల, మంద ఉన్న ఊరు వ్రాసి పంపితే చాలును.